మేకుకు వేలాడిన కడియం

జాషువాకి ముఖం లేదు. మెడ నుంచి పైకంతా బొగ్గు. పుర్రె వెనక పగిలి, రక్తం సిమెంటు నేల మీద గడ్డకట్టింది.

భన్‌పురి పారిశ్రామికవాడలోని ఆ షెడ్డులో హైడ్రోజన్‌ని పీల్చి దాచుకునే మెగ్నీషియం పొడి తయారుచేస్తారు. డబ్బా మూత తీసినప్పుడు చిన్న నిప్పురవ్వ తగిలినా భగ్గుమంటుంది.

షెడ్డులో పనిచేసే జాషువాయే అజాగ్రత్తగా మూత తీశాడని, వెనక్కి పడి తల పగిలిందని ఓనర్ పాపయ్య అన్నాడు. తను సాయంత్రం ఆరింటికే వెళ్లిపోయానని, మళ్లీ రాలేదని ఇంజనీర్ యోగేష్ చెప్పాడు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఇక్కడ తప్పంతా చచ్చినవాడిదే. ఇన్‌స్పెక్టర్ కీర్తనకి ఒళ్లు మండింది.

"ఆయన గల్తీ కాదు మేడమ్," అంది జాషువా భార్య గ్లోరీ. "అజాగ్రత్తవల్ల పోయాడన్న మాటతో ఆయన్ని సమాధి చెయ్యలేను."

కీర్తన శవం పక్కన వంగింది. వెండి సిలువ కరిగి మెడ మాంసంలో అతుక్కుపోయింది.

"గొలుసు ఎప్పుడూ మెడలోనే ఉంటుందా?"

"పొడి ముట్టేముందు తీసేస్తారు. ఇక్కడ అందరూ అంతే. రాపిడికి రవ్వ పుట్టకుండా ఒంటిమీది మెటల్ అంతా బయట మేకులకు తగిలిస్తారు."

అంటే మూత తీసింది జాషువా కాదు. కీర్తన బయటికి నడిచింది. కానిస్టేబుల్ కాపలా కాస్తున్న తలుపు పక్కన, ఒక మేకుకు రాగి కడియం వేలాడుతోంది.

"ఎవరిది?"

పాపయ్య తడబడ్డాడు. "యోగేష్‌ది. నిన్న ఆరింటికి వెళ్లేముందు బయట నాతో టీ తాగినప్పుడు చేతికే ఉంది."

యోగేష్ పరుగు తీశాడు. కానిస్టేబుల్ అతన్ని గోడకేసి కొట్టాడు. ముక్కు చితికి రక్తం కారింది.

అప్పుడు నిజం చెప్పాడు. పదిసార్లు గ్యాసు నింపి తీసేసరికి పొడి నీరసించిపోతోంది. యోగేష్ పాపయ్యకి దొంగ రిజల్ట్స్ చూపించాడు. అది కనిపెట్టి, పొద్దున్నే పాపయ్యకి చెప్పేస్తానన్నాడు జాషువా. యోగేష్ రాత్రి తిరిగొచ్చి, ఉక్కు జాడీతో అతన్ని కదలిక ఆగేదాకా కొట్టాడు. పొడి ముఖం మీద పోసి, దూరం నుంచి నిప్పు విసిరాడు. మంట అంత లేస్తుందనుకోలేదు. భయపడి కడియం మరిచి పారిపోయాడు.

"వాడి తల పగలగొట్టాక," అంది కీర్తన, "మూత తీసేముందు బయటికొచ్చి కడియం తీసిపెట్టావు. నీ ఒళ్లు కాలకూడదని."

గ్లోరీ పాపయ్య వైపు తిరిగింది.

"ఆయన అజాగ్రత్త మనిషి కాదని ఇప్పుడు మీరే చెప్పండి. అందరూ వినేలా."

పాపయ్య చెప్పాడు.