తక్కెడ ఒరిగేంత జుట్టు

పొద్దున్న ఎనిమిదింటికల్లా షాపు తలుపు తీసి, దువ్వెనలు వేడినీళ్లలో నానేసి, ఉతికిన తువ్వాళ్లు మడతపెట్టుకుంటే గాని కత్తెరక్కకి రోజు మొదలైనట్టు ఉండదు. ఇంటి ముందుగదే ఆమె షాపు. రెండు కుర్చీలు, గోడంత అద్దం, మూలన చీపురు. వెనక వంటిల్లు, దాన్ని ఆనుకుని నాన్న గది, మేడమెట్ల పక్కన చిన్నగదిలో చెల్లెలు చిట్టి. పదిహేనేళ్లుగా ఈ వీధిలో ఆడా మగా అందరూ ఆమె ముందు తల వంచినవాళ్లే. చేతిలో కత్తెర కంటే నోట్లో నాలుక ఇంకా జోరుగా ఆడుతుందని ఆ పేరు పెట్టిందీ వాళ్లే. ఆమె కాదనలేదు.

ఆ రోజు తువ్వాళ్ల పని కాగానే దాహం వేసి లోపలికొచ్చింది. నాన్న బల్ల మీద గ్లాసు నిండా నీళ్లు కనిపించాయి. ఎత్తి గటగటా రెండు గుక్కలు తాగి, మూడో గుక్క మూలనున్న సింకులో ఉమ్మేసింది.

"ఏంటిది? సముద్రాన్ని తెచ్చి గ్లాసులో పోశారా?"

నాన్న చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. ముప్పై ఏళ్లు లిఫ్టులు బాగుచేసిన మనిషి. పదో అంతస్తులో తీగ పట్టుకుని వేలాడమన్నా బెదిరేవాడు కాదు. పెద్దకూతురు గొంతు పెంచితే మాత్రం కళ్లు నేలకి దించేసేవాడు.

"అది నాదమ్మా," అన్నాడు.

"నీదని తెలుస్తూనే ఉంది. ఉప్పెందుకుంది అందులో?"

"చిట్టి తాగమంది."

"ఎన్నాళ్ల నుంచి?"

ఆయన బల్ల మీద బారుగా నిలబెట్టిన మందుసీసాలని అటుదిటూ ఇటుదటూ సర్దాడు. జింకు, మెగ్నీషియం, ఇంకేవో నోరు తిరగని పేర్లు. "రిపోర్టు వచ్చినప్పటి నుంచీ. పొద్దునొకటి, సాయంత్రం ఒకటి."

నాన్నకి బీపీ అని డాక్టరు చెప్పి ఆరేళ్లయింది. ఆ రోజే కత్తెరక్క ఉప్పుడబ్బాని పై అరలోకి ఎక్కించి, ఇంటిల్లిపాదికీ చప్పిడి కూరలు అలవాటు చేసింది. ఆ వంట తిన్న చుట్టాలు మళ్లీ ఈ గడప తొక్కలేదు. తను చిటికెలు లెక్కపెట్టి వండుతుంటే, నాలుగు నెలలుగా ఇదే ఇంట్లో ఇదే బల్ల మీద చెంచాలకి చెంచాలు కలిపి తాగిస్తున్నారన్నమాట.

పై వాటాలో ఉండే నర్సు అప్పుడే డ్యూటీ దిగి మెట్లెక్కబోతోంది. కత్తెరక్క ఆమెని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. నర్సు బ్యాగులోంచి బీపీ చూసే పట్టీ తీసి నాన్న జబ్బకి చుట్టింది. ఒకసారి చూసింది, నమ్మకం కుదరక రెండోసారి కూడా చూసింది.

"నూట తొంభై ఉంది. తల తిరగడం లాంటివి ఏమైనా ఉన్నాయా, బాబాయిగారూ?"

"అబ్బే," అన్నాడు నాన్న.

"లేకపోయినా ఈ పూటే డాక్టరుకి చూపించాలి. పదింటికి వస్తారు, నేను ఫోన్ చేసి చెప్తాను. అప్పటిదాకా కదలకుండా కూచోండి. ఛాతీలో నొప్పిగానీ, మాట తడబడటంగానీ ఉంటే పదింటిదాకా ఆగొద్దు, వెంటనే తీసుకొచ్చేయండి." నర్సు గ్లాసు వాసన చూసి, వేలు ముంచి నాలుకకి రాసుకుంది. "ఇది ఎవరిచ్చారు?"

సరిగ్గా అప్పుడే చిట్టి తన గదిలోంచి వచ్చింది, చంకలో ఫైలు, చేతిలో పెన్ను. "నాన్నా, రాత్రి నిద్ర పట్టిందా?" అనబోయి, గదిలో మొహాలు చూసి మాట సగంలో ఆపేసింది.

"అదిగో, డాక్టరమ్మ వచ్చింది," అంది కత్తెరక్క. "అడుగు, ఎవరిచ్చారో."

చిట్టికి ముప్పై దాటాయి. నర్సింగు చివరి ఏడాదిలో వదిలేసింది. మందుల కంపెనీలో చేరి ఎనిమిది నెలల్లో మానేసింది. ఆ తర్వాత ఫోన్‌లోనే ఆరు వారాల కోర్సు చేసి పోషకాహార సలహాదారునని కార్డులు అచ్చు వేయించుకుంది. జుట్టు కత్తిరించి ల్యాబుకి పంపితే ఒంట్లో ఏ ఖనిజం ఎంతుందో, మనిషి ఎంత ఒత్తిడిలో ఉన్నాడో రంగురంగుల గీతలతో రిపోర్టు వస్తుంది. ఆ గీతల్ని బట్టి ఏం తినాలో, ఏం మింగాలో చెబుతుంది. ఆమె చూసిన మొదటి రిపోర్టు నాన్నదే.

నర్సు చెప్పిన అంకె విని చిట్టి మొహం పాలిపోయింది. అయినా తగ్గలేదు.

"నాన్న ఒంట్లో సోడియం బాగా పడిపోయింది. ఏళ్ల తరబడి ఒత్తిడి పడితే అలాగే అవుతుంది. రిపోర్టులో స్పష్టంగా ఉంది."

"రక్తపరీక్ష చేయించారా?" అంది నర్సు.

"రక్తం ఆ రోజు సంగతే చెబుతుంది. జుట్టు మూడు నెలల సంగతి చెబుతుంది."

"బీపీ ఉన్న మనిషికి జుట్టు చూసి ఉప్పు పెంచడం నేనెక్కడా చూడలేదమ్మా," అని నర్సు బ్యాగు సర్దుకుంది. అక్కచెల్లెళ్ల మధ్య నిలబడే ఓపిక ఆమెకి లేదు. మెట్లెక్కి వెళ్లిపోయింది.

"పదిహేనేళ్ల నుంచి జుట్టుతోనే బతుకుతున్నా," అంది కత్తెరక్క. "నాకెప్పుడూ ఒక్క ముక్క చెప్పలేదే. నీతో మాత్రం మూడు నెలల కబుర్లు చెప్పిందా?"

"నీకు చెప్పినా వినపడదు. నీకు తెలిసింది ఊడ్చి పారెయ్యడమే."

"ఏమన్నావు?"

"ఉన్నమాటే అన్నా. నేనేం చేసినా నీకు వెటకారమే. నీ షాపులో ఒక మూల బల్ల వేసుకుంటానంటే, కస్టమర్లు పారిపోతారన్నావు. నాన్న నిద్ర మాత్రలు లేకుండా పడుకుంటున్నాడు, అది కనపడలేదు. పొద్దున్నే పది నిమిషాలు కూచుని ఊపిరి పీల్చడం నేర్పా, అదీ కనపడలేదు. నీకు కనపడేది ఉప్పొక్కటే."

"ఉప్పే కనపడాలి. ఉప్పే చంపేది." కత్తెరక్క గ్లాసుని సింకులో బోర్లించింది. నీళ్లు ఎగిరి ఇద్దరి మీదా పడ్డాయి. "వినవే. అమ్మ పోయాక నిన్ను ఈ చేతుల మీద పెంచాను. చదువు మానేశావు, ఏమీ అనలేదు. ఉద్యోగం వదిలేశావు, ఏమీ అనలేదు. నాన్న ప్రాణంతో ప్రయోగాలు చేస్తానంటే మాత్రం ఊరుకునేది లేదు. సాయంత్రానికి నీ సీసాలూ నువ్వూ బయటుండాలి. ఎక్కడికి పోతావో పో."

"పోతా. నీ దయాదాక్షిణ్యాల మీద బతకాలని నాకేం లేదు."

"అమ్మా, ఆగండి ఇద్దరూ," అన్నాడు నాన్న. ఎవరూ వినిపించుకోలేదు.

కత్తెరక్క చెల్లెలి చంకలోంచి ఫైలు లాక్కుంది. డాక్టరుకి చూపించడానికి కావాలనుకుంది. నిజానికి చింపెయ్యాలన్న కోరిక కూడా ఉంది. మొదటి కాగితం ల్యాబు వాళ్లిచ్చిన సూచనలు. బొమ్మలతో సహా ఉన్నాయి: అట్టముక్కతో మడిచిన బుల్లి తక్కెడ, దాని ఒక పక్కన జుట్టు. తక్కెడ ఒరిగేదాకా జుట్టు వెయ్యాలి. మెడ వెనక, తల చర్మానికి దగ్గరగా కత్తిరించాలి. ఒక్కో వెంట్రుక అంగుళానికి తగ్గకూడదు.

ఆ ఆఖరి వాక్యం దగ్గర ఆమె ఆగిపోయింది. ఇంకోసారి చదివింది. కాగితం మీంచి తలెత్తి నాన్న తల వైపు చూసింది.

నాన్న తల సంగతి ఈ భూమ్మీద ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నడినెత్తి ఎప్పుడో బోడి అయిపోయింది. చెవుల పైనా మెడ మీదా ఓ సన్నటి అంచు మిగిలింది. మూడు వారాలకోసారి దాన్ని మిషన్‌తో తనే దించుతుంది. వేలిగోరంత కూడా ఉండనివ్వదు.

"చిట్టీ, ఇది ఎవరి జుట్టు?"

"ఎవరిదేంటి, నాన్నది."

"నాన్నకి అంగుళం జుట్టు చూసి పదేళ్లయింది. ఈయన తలంతా గొరిగినా ఈ తక్కెడ ఒరగదు. నువ్వెవరి జుట్టు పంపావో చెప్పు."

"నేను కత్తిరించలేదు," అంది చిట్టి. "కవరు అంటించి ఉంది. నాన్న ఇచ్చాడని నువ్వే తెచ్చి నా చేతిలో పెట్టావు."

అవును, పెట్టింది. కత్తెరక్కకి అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి నాన్నకీ చిట్టికీ మధ్య మాటల్లేక రెండేళ్లు. చిట్టి నర్సింగు మానేసిన రోజు, షాపు నిండా కస్టమర్లున్నప్పుడు, "దీని చేతిలో పెట్టింది ఏదీ తెల్లారదు" అనేశాడు నాన్న. అంతే. ఆ రోజు నుంచి చిట్టి ఆయనతో పలకలేదు. ఒకే ఇల్లు, ఒకే వంట. కానీ ఏం కావాలన్నా "నాన్నకి చెప్పు" అని ఆమె, "చిట్టికి చెప్పు" అని ఆయన. మధ్యలో కబుర్లు మోసింది తనే. జుట్టు కవరు కూడా అలాగే మోసింది. ఊరికే కూడా మోయలేదు. "నీ తల అడుగుతోంది నాన్నా చిన్నది. ఉన్న నాలుగూ దానికిచ్చేస్తే నాకు పని లేకుండా పోతుంది చూసుకో" అని నవ్వుకుంటూ ఖాళీ కవరు బల్ల మీద పడేసి వెళ్లింది.

ఇద్దరూ నాన్న వైపు తిరిగారు.

"షాపులో మూలన ఊడ్చి పెట్టి ఉంది కదమ్మా," అన్నాడాయన. "అందులోంచి తీశాను."

"ఊడ్చిన కుప్పలోంచా?" కత్తెరక్కకి నవ్వూ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. "ఆ కుప్పలో ఎంతమంది జుట్టుందో తెలుసా నీకు? పోస్టుమాన్, బ్యాంకావిడ, టైరుషాపు కవలలు. ఇంతమందిని కలిపి ఒక మనిషిని చేసి, ఆ మనిషికి ఒత్తిడెక్కువని రాశారు. ఆ మనిషికి కావలసిన ఉప్పంతా నువ్వు తాగావు."

చిట్టి గోడకి ఆనుకుంది. "నీది కాదని తెలిసే తాగావా నాన్నా? నాలుగు నెలలా?"

"రిపోర్టు రాగానే చెబుదామనే అనుకున్నా." నాన్న తన చేతులకేసి చూసుకున్నాడు. "నువ్వు వచ్చి కుర్చీ లాక్కుని ఇక్కడ కూచున్నావు. 'నాన్నా' అన్నావు. రెండేళ్లయింది ఆ మాట విని. రిపోర్టు తెరిచి, ఇదేంటి అదేంటి అని చెప్పుకుంటూ పోయావు. నాకొక్క ముక్క తలకెక్కలేదు. నీ మొహమే చూస్తున్నా. ఇది నాది కాదంటే లేచి వెళ్లిపోతావు కదా."

షాపులో ఎవరో వచ్చి కుర్చీలో కూచున్న చప్పుడైంది.

"తల తిరిగిందా నాన్నా?" అని చిట్టి అడిగింది. "నిజం చెప్పు."

"తిరిగేది. ఉప్పునీళ్లు తాగిన గంటకి కళ్ల ముందు చీకట్లు కమ్మేవి."

"రోజూ అడిగాను కదా, ఎలా ఉందని. రోజూ రాసుకున్నాను, బాగుందని."

"బాలేదని ఎలా చెప్పనే?" అన్నాడాయన. "నీ చేతిలో ఏదీ తెల్లారదని ఒకసారి అన్నవాణ్ణి. నీ వైద్యం పని చెయ్యట్లేదంటే రెండోసారి అన్నట్టే అవుతుంది. ఆ మాట నా నోట మళ్లీ రాకూడదనుకున్నా. ఏమైతే అది అవుతుందని మింగేశాను."

చిట్టి అలాగే గోడ వెంట జారి నేల మీద కూచుండిపోయింది. మొహం మోకాళ్లలో దాచుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

కత్తెరక్క కదల్లేదు. కోపం తగ్గిందని కాదు. ఇంకో పది రోజులు ఇలాగే సాగితే ఏమయ్యేదో తలుచుకుంటే ఒళ్లు మండుతూనే ఉంది. కానీ ఆ మంటలో ఉప్పు వాటా సగమేనని ఆమెకి ఇప్పుడు తెలిసింది. రెండేళ్లు ఇద్దరికీ మధ్య తనొక్కతే. ఇటు మాట అటు, అటు మాట ఇటు. ఆ మోత బరువని ఎన్నిసార్లు విసుక్కున్నా, అది ఆమెకి ఇష్టంగానే ఉండేది. నాలుగు నెలల కిందట వాళ్లిద్దరూ బల్లకి అటూ ఇటూ కూచోవడం మొదలుపెట్టాక తన అవసరం లేకుండా పోయింది. ఆ అక్కసుతోనే ఈ గదిలోకి పొద్దున్నపూట రావడం మానేసింది. వచ్చి ఉంటే ఆ గ్లాసు మొదటి వారంలోనే దొరికేది. మూడు వారాలకోసారి ఆ తల పట్టుకుని వంచింది గాని, తిరుగుతోందా అని ఒక్కసారి అడగలేదు.

ఆమె వంగి, బల్ల మీది సీసాలన్నీ ఒక్కొక్కటే సంచిలో పడేసింది. "డాక్టరుకి చూపించాక ఇవి చెత్తలోకి పోతాయి," అంది. "సాయంత్రానికి బయటుండాల్సింది ఇవే. నువ్వు కాదు."

చిట్టి మొహం తుడుచుకుని లేచింది. నాన్న వైపు చూడలేక, కిటికీ వైపు చూస్తూ అంది, "తొమ్మిదిన్నర అవుతోంది. చొక్కా మార్చుకోమని చెప్పక్కా."

కత్తెరక్క అలవాటు కొద్దీ నాన్న వైపు తిరిగింది. నోటిదాకా వచ్చిన మాటని ఆపుకుంది.

"నాకెందుకు చెప్తావు? మనిషి ఎదురుగానే ఉన్నాడుగా," అని సంచీ పట్టుకుని షాపులోకి నడిచింది.

కుర్చీలో టైరుషాపు కవలల తల్లి కూచుని ఉంది. మధ్యాహ్నం రమ్మని కత్తెరక్క ఆమెకి సైగ చేసి చెప్పింది. లోపలి నుంచి చిట్టి గొంతు వినిపించింది, చాలా మెల్లగా.

"నాన్నా, చొక్కా మార్చుకో. నేనూ వస్తున్నా. ఉప్పు సంగతి డాక్టరుకి నేనే చెప్తా, నువ్వు దాచొద్దు."

కుర్చీ కాళ్లు నేల మీద గీసుకున్నాయి.

"రిపోర్టు లేదు కదా ఇంక," అన్నాడు నాన్న. "మరి రేపు పొద్దున్న?"

"వస్తా నాన్నా. ఊరికే వస్తా."