గడ్డకట్టని రక్తం

రాజమ్మ రక్తాన్ని ఎవరూ పరీక్షించలేదు. సింకులో పారబోశారు. రిపోర్టులో అన్నీ నార్మల్ అని కొట్టిచ్చారు. నెల తిరగకుండానే ఆమె పోయింది.

అమీర్‌పేటలో కోచింగ్ బోర్డులు ఒకదాని మీద ఒకటి వేలాడే సందులో, ఒక సెల్లార్‌లో ఉంది ఆ ల్యాబు. బతూల్ అక్కడ టెక్నీషియన్. రాజమ్మ చేతికి రబ్బరు పట్టీ కట్టి రక్తం తీసింది ఆమే.

"గంత తీస్తున్నవేంది బిడ్డా? నాకు సుత జర మిగలనియ్యి," అని తంబాకు నములుతూ నవ్వింది రాజమ్మ. కాళ్లు ఉబ్బిపోయి చెప్పులు పట్టడం లేదు.

"ఒక్క చుక్క వృథా పోదమ్మా," అంది బతూల్. వచ్చినవాళ్లందరికీ చెప్పే మాటే.

ఇన్‌చార్జి హనుమత్ప్రసాద్ పద్ధతి వేరు. మిషన్‌లో పోసే కెమికల్ ఖరీదని, బస్తీల నుంచి వచ్చిన రక్తాన్ని చాలాసార్లు నేరుగా సింకుకే పంపేవాడు. బతూల్ చూసేది. ఉద్యోగం గుర్తొచ్చి తల తిప్పుకునేది.

రాజమ్మ పోయిన వారానికి, ఒక సాయంత్రం ఆమె భర్త సారయ్య ల్యాబుకు వచ్చాడు.

"అంత మంచిగనే ఉన్నదని రాసిండ్రు గద సారూ, మరెట్ల పోయింది? పెద్ద దవాఖానకు పోతనంటే నేనే వద్దన్న. రిపోర్టు మంచిగున్నది, నీకేం రోగమని తిట్టిన."

"ఆయుష్షు మన చేతుల్లో ఉంటుందా ఏంటి?" అని పంపించేశాడు హనుమత్ప్రసాద్. తర్వాత బతూల్ వైపు తిరిగాడు. "మీరు నోరు విప్పారంటే, రేపట్నించి హాయిగా ఇంట్లో బిర్యానీ వండుకోవచ్చు."

అతనూ వెళ్లిపోయాడు. బయట వాన పట్టింది. బతూల్ బల్ల తుడుస్తోంది. ఫినాయిలు వాసన మెల్లగా తగ్గింది. దాని చోట తంబాకు వాసన.

సింకు గుడగుడమంది. వానకు సెల్లార్‌లో మురుగు ఎదురుతన్నడం మామూలే. కానీ పైకి వచ్చింది మురుగు కాదు. ఎర్రగా, చిక్కగా ఉంది. బతూల్ వేలు ముంచింది. వెచ్చగా ఉంది.

బయటికొచ్చిన రక్తం కాసేపట్లో గడ్డకడుతుంది. ఇది కట్టలేదు. అంటే ఇప్పుడే... ఎవరి ఒంట్లోంచో...

పక్క గదిలో రక్తం తీసే కుర్చీ కిర్రుమంది. రబ్బరు పట్టీ సాగిన చప్పుడు.

"బిడ్డా... వృథా పోలే గద?"

బతూల్ అటు చూడలేదు. పని మరిచిపోలేదు. ఎర్రమూత ట్యూబులోకి రక్తం ఎత్తింది. సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి గిర్రున తిప్పి, పైకి తేలిన పసుపు నీటిని మిషన్‌కు పెట్టింది. తెర మీద అంకె వచ్చింది. కిడ్నీలు రెండూ చెడిపోయిన మనిషి రక్తం అది. ఆ రోజే చూసి ఉంటే దవాఖానలో చేరేది.

"ఏమొచ్చింది?"

"మంచిగ లేదమ్మా."

"నాకెందుకు చెప్తున్నవు ఇప్పుడు... మా ఆయనకు చెప్పు."

కుర్చీ మళ్లీ కిర్రుమంది. బతూల్ తల ఎత్తేసరికి సింకు తెల్లగా, పొడిగా ఉంది. బల్ల మీద ట్యూబు లేదు.

తెల్లారి ఖైరతాబాద్‌లో సారయ్య ఇంటికి వెళ్లింది. "కాకా, నీ తప్పేం లేదు. ఆమె రక్తం పారబోసిండ్రు. నేను చూసిన. చెప్పలే."

"అక్కడ్నే ఉన్నవు గద," అన్నాడు సారయ్య.

విషయం ల్యాబుకు తెలిసి, ఉద్యోగం ఆ మధ్యాహ్నానికే పోయింది. హనుమత్ప్రసాద్ ల్యాబుకు ఇప్పుడు రెండో బ్రాంచి కూడా ఉంది.

బతూల్ పంజాగుట్టలో ఇంకో ల్యాబులో చేరింది. మొదటి రోజే ఫ్రిజ్ తెరిస్తే, వెనక వరసలో పేరు లేని ఎర్రమూత ట్యూబు ఒకటి కనిపించింది. చుట్టూ ఉన్నవన్నీ మంచులా ఉన్నాయి. అదొక్కటే వెచ్చగా ఉంది. వంచితే లోపల రక్తం గడ్డకట్టకుండా కదిలింది.

"ఎవరిదో ఏమో అక్కా, పారబోసేద్దాం," అంది తోటి టెక్నీషియన్ మధులత.

"వద్దు," అంది బతూల్.

ఇవాళ్టికీ పారబోయలేదు.