పిట్ట ముట్టని కల్లు

ఆ ఆలోచన అభిలాష్‌ది. దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. శని, ఆదివారాలు కారేసుకుని ఊళ్లు తిరగాలి, ఏ వనంలో కల్లు ఎట్లుందో తాగి చెప్పాలి, అదంతా ఫోన్లో తీసి అందరికీ చూపించాలి. "బయట దేశాలల్ల ద్రాక్షతోటలు తిరుక్కుంట వైన్ రుచి చూస్తరు. మనకేం తక్కువరా? ఈతవనాలున్నయి" అన్నాడు. కారు సునీల్‌ది. వాడు తాగడు కాబట్టి నడిపేదీ వాడే. రుచి చెప్పే పని మహిపాల్‌కు పడింది. జగిత్యాలలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే మహిపాల్‌కు మాటలకు కొదవలేదు.

శనివారమంతా కోరుట్ల దాటి మెట్‌పల్లి తోవలో గడిచింది. చలికాలం. మంచు ఇంకా చెట్లను వదలకముందే గౌడు చెట్టుకున్న కల్లు లొట్టి దించి, దొప్పలా మడిచిన తాటాకు రేకలో పోసేవాడు. మహిపాల్ ఒక గుక్క నోట్లో నిలుపుకుని కళ్లు మూసేవాడు. "ముందు కొబ్బరినీళ్ల తీపి. ఎనుక సన్నటి పులుపు. పక్కన పసుపు చేనున్నట్టుంది, దాని వాసన గూడ తగులుతున్నది." చివరి మాట ఉత్తదే. అయినా అభిలాష్ పడీపడీ నవ్వాడు. రాత్రికల్లా కాలేజీ పిల్లలు కూడా ఆ వీడియోలు చూసి, 'సార్, సూపర్' అని రాశారు. మహిపాల్‌కు ఛాతీ ఉబ్బింది.

ఆదివారం వేములవాడ మీదుగా సిరిసిల్ల వైపు పోయారు. ఒకచోట రోడ్డు దిగి, మక్కజొన్న చేల నడుమ మట్టిబాట పట్టి పోతే పెద్ద ఈతవనం కనబడింది. మనిషి అలికిడి లేదు. లొట్లు చెట్లకే వేలాడుతున్నాయి. పిట్ట కూత కూడా లేదు. ఎక్కడో అగరొత్తులు వెలిగించిన వాసన, దాని కింద పచ్చిమట్టి వాసన.

వనం చివర, గట్టు పక్కన, కొత్త మట్టికుప్ప. దాని మీద పసుపు, కుంకుమ. ముందర మోదుగాకుల విస్తరిలో అన్నం, కోడికూర, ఉడకబెట్టిన గుడ్డు, బీడీలకట్ట. పక్కన చిన్న మట్టి ముంత. అందులో అంచుదాకా కల్లు.

అభిలాష్ ఫోన్ తీశాడు. "చూడుండ్రి, మనకోసం ఎవలో పెట్టి పోయిండ్రు!"

"వద్దురా" అన్నాడు సునీల్ మెల్లగా. "అది సచ్చినోళ్లకు పెట్టింది."

మహిపాల్‌కు ఆ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు. నిరుడు తండ్రి పోయినప్పుడు, ధర్మపురిలో గోదారి ఒడ్డున, తానే ఇట్లాంటి విస్తరి పెట్టాడు. వెనక్కి జరిగి నిలబడి, కాకి వచ్చి ముట్టేదాకా ఊపిరి బిగబట్టుకున్నాడు. ముట్టినప్పుడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అన్నీ తెలుసు. తెలిసీ, ఫోన్ తన మొహం మీదికి తిరగగానే, అతని మొహం నవ్వింది. చెయ్యి ముంతను లేపింది.

గటగటా తాగేశాడు.

అంత మంచి కల్లు పుట్టి బుద్ధెరిగాక తాగలేదు. మూతి తుడుచుకోకుండానే, "ఆహా! గిసొంటిదాని కోసం సచ్చినా పర్వాలేదు" అన్నాడు. అభిలాష్ నవ్వబోయి ఆగిపోయాడు. ఫోన్ పట్టుకున్న చెయ్యి కిందికి దిగిపోయింది.

గట్టు అవతల మనుషులున్నారు.

ఆడవాళ్లు, మగవాళ్లు, చంకలో పిల్లలు. పిట్ట బెదరకుండా చప్పుడు చెయ్యక కూర్చున్నారు. అంతా చూశారు. ఎవరూ తిట్టలేదు. ఒక ముసలమ్మ లేచి, మోకాళ్ల మీద చేతులాన్చుకుంటూ గట్టు దిగి వచ్చింది. మహిపాల్ తల వంచుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

ఆమె కొంగుతో అతని మూతి తుడిచింది.

"సాలిందా కొడుకా?"

వెనుక నుంచి ఒకాయన కోపంగా లేచాడు. "శంకరవ్వా, గీ తాగుబోతోళ్లకు..."

"నువ్వూకో" అంది ముసలమ్మ. "పొద్దుగాల్నించి పిట్ట ముట్టలె. నా కొడుకు గంగనర్సు కోపం మీదున్నడనుకున్న. గీ పిలగాని నోటితోని తాగిపోయిండు. సాలిందా బిడ్డా? చెప్పు."

మహిపాల్‌కు కాళ్ల కింద భూమి చీలితే బాగుండుననిపించింది. తప్పయింది అవ్వా అనాలి. రెండు చేతులూ జోడించాడు. నోరు తెరిచాడు.

"ఇంకింత పొయ్యి."

అది తన నోట్లోంచే వచ్చింది. తాను అనలేదు. బొంగురు గొంతు. బాగా బీడీలు తాగినవాడి గొంతు. గట్టు మీద ఎవరో కెవ్వుమని నోరు మూసుకున్నారు. శంకరవ్వ గట్టు మీంచి లొట్టి అందుకుని ముంత నింపింది. వద్దని తల ఊపాలనుకున్నాడు. మెడ కదల్లేదు. తాగాడు. నాలుక మీద చల్లగా ఉంది... గొంతు దిగాక ఏమీ లేదు. కడుపులోకి పోవడం లేదు. మరి ఎక్కడికి పోతోంది?

అప్పుడు ఒక చిన్నవయసామె దగ్గరికొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయి. అతని మొహం చూడకుండా, గుసగుసగా అంది.

"గా రాత్రి నువ్వు తాగొచ్చి పిలిస్తే తలుపు తియ్యకపోతి. రోజూ కొట్టేటోనివి, భయమైంది. గంత చలికి సచ్చిపోతవనుకోలె... నా మీద కోపమున్నదా?"

కోపం లేదు తల్లీ. ఆ ఒక్క మాట చాలు. ఎవరు పలికినా చాలు. మహిపాల్ ఉన్న బలమంతా పెట్టి నాలుకను కదిపాడు. తన తండ్రిని తలుచుకున్నాడు. దేవుణ్ని తలుచుకున్నాడు.

"తలుపు తియ్యి నీలా."

ఆమె పేరు అక్కడ ఎవరూ పలకలేదు.

ఆమె వెనక్కి పడిపోయింది. సునీల్ వచ్చి మహిపాల్ రెక్క పట్టి లాక్కుపోయాడు. కారు జగిత్యాల చేరింది. దిగేముందు అభిలాష్ ఆ వీడియోను ఫోన్లోంచి తీసేశాడు. తల ఎత్తకుండానే, "నేనే బలిమి చేసిన్రా" అన్నాడు. అది అబద్ధమని మహిపాల్‌కు తెలుసు. ఎవరూ బలవంతం చెయ్యలేదు.

వారమంతా క్లాసులో అతనికి నోరు తెరవాలంటే భయం. పిల్లలు వీడియోల గురించి అడిగితే బోర్డు వైపు తిరిగిపోయాడు. గొంతు మాత్రం తనదే. తేడా ఏమీ లేదు. అయినా అన్నం ముందు కూర్చుంటే నీల ఏడుపు మొహమే కనబడేది. ఆ మనిషి అడిగింది క్షమ. తాను ఇచ్చింది ఏమిటి?

మళ్లీ ఆదివారం ఒక్కడే బండి మీద పోయాడు. ఊళ్లో అడుగుతూ శంకరవ్వ ఇల్లు పట్టుకునేసరికి మిట్టమధ్యాహ్నమైంది. వాకిట్లో ఎండ కాస్తోంది. తలుపులు, కిటికీలు అన్నీ బిగించి ఉన్నాయి. ముసలమ్మ బయట మంచం మీద కూర్చుంది. మహిపాల్ ఆమె కాళ్ల మీద పడ్డాడు.

"తప్పయింది అవ్వా. తెలిసే చేసిన. ఆమెకు చెప్పు... కోపం లేదని చెప్పు. తలుపు తియ్యమన్న మాట నాది గాదు."

శంకరవ్వ అతని గొంతు వినగానే కాళ్లు వెనక్కి తీసుకుంది.

"బిడ్డా, నిజం చెప్పు. నువ్వు రోజూ గీడికి వస్తున్నవా?"

"లేదవ్వా. గా దినం తర్వాత ఇయ్యాలనే వచ్చుడు."

"మీరు పోయిన తెల్లారి సంది ఎవలో తలుపు కొడుతున్నరు. రాత్రి గూడ, పగటి పూట గూడ. నా కోడలు లోపల గడియ పెట్టుకొని బయటికొస్తలేదు." ఆమె గొంతు తగ్గించింది. "నా కొడుకు గొంతైతే నేనే తీస్తుంటి. వాని గొంతు గాదు బిడ్డా. నీది."

మహిపాల్ లేచి నిలబడ్డాడు. కాదని చెప్పబోయి, రెండు చేతులతో గట్టిగా నోరు మూసుకున్నాడు.

ఇంటి వెనుక, దొడ్డి తలుపు మీద ఎవరో తట్టారు. నెమ్మదిగా. మర్యాదగా. తర్వాత, క్లాసులో పద్యం చెప్పేటంత స్పష్టంగా, అతని గొంతు వినిపించింది.

"కోపం లేదు తల్లీ. తలుపు తియ్యి."

లోపల గడియ తీస్తున్న చప్పుడయింది.