అడిగే నాథుడు లేని మే మాను

ఆదివారం మధ్యాహ్నం వేయించిన బాతు ముందు కూర్చున్న మనిషిని లేపడం లిప్తోవ్ సీమలో హత్యకు ఒక మెట్టు కింది నేరం. అయినా ఆ అక్టోబరులో పోలీస్ స్టేషన్ వాళ్ళు జోఫియాకు ఫోన్ చేశారు.

"టీచర్ గారూ, ఇక్కడో ఇంగ్లిష్ పెద్దావిడ ఏడుస్తోంది. మావాళ్ళు కుక్కల్ని తీసుకుని అడవిలోకి పోయారు. మీరు కాస్త తొందరగా రావాలి."

జోఫియా పట్నంలో ఇంగ్లిష్ టీచరు. బాతును వదిలి రావలసి వచ్చిన కోపమంతా మూటగట్టుకుని స్టేషన్‌కు వెళ్ళింది. బల్ల వెనక పొడుగాటి పోలీసొకడు బిక్కమొహంతో నిలబడి ఉన్నాడు. పేరు దుషాన్.

జరిగింది ఇంతే. పెద్దావిడ వేడినీటి కొలనులో మునిగి వచ్చేసరికి బెంచీ మీద పెట్టిన చేతిసంచి లేదు. ఎవరో దొంగిలించారని చెప్పింది. దుషాన్ రాసిన కాగితంలో మాత్రం ఆయుధంతో దోపిడీ జరిగింది.

"ఆయుధం సంగతి ఎవరు చెప్పారు మీకు?" అంది జోఫియా.

"ఆవిడే. గొడుగు పట్టుకుని ఇలా పొడిచి చూపించింది."

"దొంగ దొరికితే తనేం చేస్తుందో చూపించిందండీ."

దుషాన్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇంగ్లిష్‌లో అది వేరేనా?"

"గొడుగుతో పొడవడం ఏ భాషలోనైనా ఒకటే. దొంగతనం, దోపిడీ మాత్రం వేరు."

ఇంతలో కొలను దగ్గర్నుంచి కబురొచ్చింది. సంచి ఆవిడ తువ్వాలు కిందే ఉందట. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. ఇక్కడి కుక్కలు దొంగలు పడకముందే మొరిగి, అడవంతా తిరిగి, సాయంత్రానికి ఇంటికి చేరాయి.

ఆ తర్వాతి గురువారం సాయంత్రం, పట్నంలోని సాంస్కృతిక భవనంలో జోఫియా పెద్దవాళ్ళకు చెప్పే ఇంగ్లిష్ క్లాసుకు దుషాన్ వచ్చి చివరి బల్ల మీద ముడుచుకుని కూర్చున్నాడు. పై అధికారి పంపించాడట. పంపించకపోతే ఆశ్చర్యపోవాలి.

జోఫియా సుద్దముక్క తీసుకుని బోర్డు నిండా దొంగతనాలు రాసింది.

"స్టీల్ అంటే మన భాషలో క్రద్నూత్, మామూలు దొంగతనం. రాబ్ అంటే ఒలూపిత్, మనిషిని బెదిరించి లాక్కోవడం. బర్గిల్ అంటే ఇంట్లో దూరి ఎత్తుకుపోవడం, మన వీక్రద్నూత్. షాప్‌లిఫ్ట్ అంటే కొట్లో సరుకు జేబులో వేసుకోవడం. దానికి మనకు విడిగా మాట లేదు, 'కొట్లో క్రద్నూత్' అని సరిపెట్టుకుంటాం. ఎంబెజిల్ అంటే నమ్మి చేతికిచ్చిన సొమ్ము మింగేయడం, స్ప్రెనెవెరిత్."

"ఇన్ని మాటలు దేనికి టీచర్ గారూ? పోయింది పోయిందేగా," అన్నాడు దుషాన్.

"మీకు ఆ తేడా తెలియకే స్టేషన్ స్టేషనంతా అడవిలో పుట్టగొడుగులు ఏరింది."

"పుట్టగొడుగులు బాగానే దొరికాయిలెండి."

మందుల షాపు ఆల్‌జ్బేతా గారు చెయ్యెత్తింది. "మనసు దోచుకోవడానికి స్టీల్ వాడాలా, రాబ్ వాడాలా?"

"అది ఆస్పత్రి కేసండీ. ఈయన చేతిలోది కాదు," అంది జోఫియా.

దుషాన్ మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. "మరి రోజ్‌క్రద్నూత్‌కి ఇంగ్లిష్‌లో ఏమంటారు? మన సహకార సంఘానికి జరిగిందే, అది. తలా ఓ చెయ్యి వేసి, ఇటుక కూడా మిగలకుండా ఇళ్ళకు చేర్చేయడం."

జోఫియా కాస్త ఆలోచించింది. "ఒక్క మాటలో చెప్పే వీల్లేదు."

"పాపం. వాళ్ళలో ఐకమత్యం లేదన్నమాట."

జోఫియా చటుక్కున బోర్డు వైపు తిరిగింది. నవ్వుతున్న టీచరుకు క్లాసులో విలువ ఉండదని ఆమె సిద్ధాంతం. ఆ చలికాలమంతా క్లాసులో దొంగతనాలు తప్ప మరో పాఠం నడవలేదు. ఆల్‌జ్బేతా గారు మందులమ్మే ఇంగ్లిష్ నేర్చుకుందామని వచ్చి, బ్యాంకును కొల్లగొట్టేంత ఇంగ్లిష్ నేర్చుకుంది.

ఆరుబయట మంచు కరిగింది. ఏప్రిల్ చివరికొచ్చింది. బ్రేజోవ్కాలో, అంటే జోఫియా ఊళ్ళో, పెళ్ళికాని ఆడపిల్ల ఇంటి ముందు ఆ నెల చివరి సాయంత్రం మే మాను పాతుతారు. సన్నగా పొడుగ్గా ఎదిగిన ఫర్ చెట్టును తెచ్చి, చిటారుకొమ్మ మాత్రం ఉంచి బెరడంతా వొలిచి, కొసకు రంగురంగుల రిబ్బన్లు కడతారు. కుర్రాళ్ళంతా గుంపుగా వచ్చి అన్ని ఇళ్ళ ముందూ పాతి పోతారు. ఏది ఎవరు తెచ్చిందో నోరు విప్పరు. తెల్లారి పిల్ల కిటికీ తెరిచేసరికి మాను కింద కాపలా కాస్తూ ఎవడు కనబడితే వాడే. పక్క ఊరివాళ్ళు ఎత్తుకుపోకుండా రాత్రంతా కాయాలి మరి.

జోఫియాకు ముప్పై దాటాయి. ఏళ్ళ తరబడి ఆ ఇంటి ముందు మాను లేచింది లేదు. మాటకు మాట అప్పజెప్పే పిల్లంటే కుర్రాళ్ళకు హడలు. చెట్లు నరికి ప్రేమలు చాటడం మొరటుతనమని జోఫియా అందరితో అంటూ ఉండేది. ఆ మాట ఎంత గట్టిగా అంటే అంత నొప్పి ఉందన్నమాట.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటి మలుపు తిరిగిన జోఫియా ఆగిపోయింది. ఇంటి ముందు మాను నిలబడి ఉంది. ఎర్ర రిబ్బన్లు, తెల్ల రిబ్బన్లు గాలికి ఎగురుతున్నాయి.

"ఎవరమ్మా?" అంది, అప్పుడే వచ్చిన జలుబును నెపం చేసుకుని ముక్కు తుడుచుకుంటూ.

"పన్నెండు మంది వచ్చారు, పన్నెండు మందీ నా చేత సారా పోయించుకుని మూగనోము పట్టారు. పొద్దున్నే చూసుకో," అంది తల్లి పావ్లీనా.

జోఫియా పొద్దున్నే లేచి, జుట్టు దువ్వుకుని, దువ్వుకున్నట్టు కనబడకుండా మళ్ళీ చెరుపుకుని, కిటికీ తెరిచింది. కాపలా మనిషి లేడు. మానూ లేదు. గొయ్యి మాత్రం ఉంది.

మాను పక్క ఊరు కమెన్నాలో, సారా కొట్టు ముందు దర్జాగా నిలబడి ఉందని మధ్యాహ్నానికల్లా తెలిసింది. కబురు కూడా వచ్చింది. తెచ్చినవాడు ఆదివారం మిట్టమధ్యాహ్నం గంట కొట్టేలోగా సీసాతో వచ్చి, నలుగురిలో తన పేరు చెప్పి విడిపించుకోవాలి. లేకపోతే రంపం పెట్టి కోసి, ఆ మంట మీద సాసేజీలు కాల్చుకుంటారు.

మాను పోవడం తప్పు కాదు. ఎన్నో పోతాయి. దాన్ని అడగడానికి ఎవడూ రాకపోవడమే పరువు తక్కువ. బుధవారం వచ్చింది, ఎవడూ రాలేదు. ఊరంతా జోఫియాను జాలిగా చూడటం మొదలుపెట్టింది. అది ఆమెకు బొత్తిగా అలవాటు లేని చూపు.

గురువారం క్లాసులో ఆల్‌జ్బేతా గారు అడగనే అడిగింది. "మే మాను ఎత్తుకుపోవడాన్ని ఇంగ్లిష్‌లో ఏమంటారు టీచర్ గారూ?"

"మాట లేదు. ఆ దేశంలో కాపలా కాయలేని వెధవలు మానులు పాతరు గనక," అంది జోఫియా. మంట లోపల ఉంది, మాట బయటికి వచ్చింది. "తెచ్చినవాడెవడో గానీ మహావీరుడు. నిద్ర ఆపుకోలేకపోయాడు. పేరు చెప్పడానికి ఇప్పుడు నోరు పెగలడం లేదు. అలాంటివాడు ముందుకు రాకపోవడమే నయం."

అందరూ నవ్వారు. దుషాన్ నవ్వలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు రెండు చేతులూ బల్ల కిందికి లాక్కున్నాడు. ఆ లాక్కోవడంలోనే జోఫియా చూసింది. అరచేతుల నిండా నల్లగా అట్టకట్టిన చెట్టు జిగురు.

క్లాసు అయ్యాక గుమ్మం దగ్గర ఆపింది. "మీ చేతులకేమైంది?"

"కట్టెలు కొట్టానండీ."

"మే నెలలోనా?"

"వచ్చే చలికాలానికి," అని తేలు కుట్టిన దొంగలా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

జోఫియా బస్సులో కూర్చుని తనను తాను తిట్టుకుంది. మాను తెచ్చేవాడు అతనే అయితే బాగుండునని చలికాలం నుంచీ అనుకుంటోంది. అతనే. ఇప్పుడు నలుగురిలో తనే అతన్ని వెధవ అంది. ఇక ఆదివారం గంట కొట్టినా, గుడి గోపురం కూలినా రాడు. మాను బూడిదవుతుంది, అతను చివరి బల్ల కూడా ఖాళీ చేస్తాడు, తనకు వ్యాకరణం మిగులుతుంది.

ఆదివారం ప్రార్థన కాగానే ఇంట్లో ప్లమ్ పళ్ళ సారా సీసా వెతకడం మొదలుపెట్టింది.

"ఎక్కడికే?" అంది తల్లి.

"కమెన్నాకు. నా మానును నేనే విడిపించుకుంటాను."

"ఆడపిల్ల తన మానును తనే విడిపించుకోవడం ఎక్కడన్నా ఉందా?"

"లేదు. ఇవాళ్టి నుంచి ఉంటుంది."

పావ్లీనా కూతుర్ని ఎగాదిగా చూసింది. ఆమె చేతికి దొరికిన సీసా లాక్కుని, అటక మీది పాత సీసా తీసిచ్చింది. "అది అతిథులకు పోసేది. ఇది తీసుకుపో. పరువు సంగతి."

సైకిల్ మీద కమెన్నా చేరేసరికి సారా కొట్టు ముందు ఊరు ఊరంతా ఉంది. అక్కడి కుర్రాళ్ళకు పెద్ద మతూష్ రంపం పళ్ళు వేలితో మీటి చూసుకుంటున్నాడు.

"మాను తీసుకుపోవడానికి వచ్చాను," అంది జోఫియా, సీసా బల్ల మీద పెట్టి.

"తెచ్చింది నువ్వా అక్కా?"

"నా ఇంటి ముందుది."

"ఇంటిదాని లెక్క లేదు, తెచ్చినవాడి లెక్క. పేరు చెప్పమను."

"ఎవరో నీకు తెలుసు కదా."

"తెలుసు. వాడి నోటితోనే వినాలి. మా తాతల నాటి పద్ధతి ఇది, నేనేం చేయను?" మతూష్ గోపురం వైపు చూసి రంపం ఎత్తాడు.

అప్పుడొచ్చి ఆగింది పోలీసు బండి. యూనిఫారంలో దుషాన్ దిగాడు. మతూష్ రంపాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నాడు. మిగతా కుర్రాళ్ళు తమ బూట్లను శ్రద్ధగా చూసుకోసాగారు.

"అన్నా, ఆ ఫోన్ సంగతి..." అన్నాడు మతూష్, "ఊరికే సరదాకి..."

"ఫోన్ సంగతి తర్వాత." దుషాన్ టోపీ తీశాడు. చెవులు నిప్పుకణికల్లా ఉన్నాయి. గొంతు మాత్రం పెద్దగానే వచ్చింది. "నా పేరు దుషాన్. మాను నేను తెచ్చాను. జోఫియా గారి కోసం తెచ్చాను. కాపలా వదిలేసి పోయింది కూడా నేనే."

కొట్టు కొట్టంతా పగలబడి నవ్వింది. దొంగల్ని పట్టేవాడి మానునే దొంగలు పట్టుకుపోయారు. ఆ నవ్వు అతను పింఛను తీసుకునే దాకా వెంట వస్తుందని అక్కడ అందరికీ తెలుసు. అతనికీ తెలుసు. కదలకుండా నిలబడ్డాడు.

"ఎందుకు వదిలి పోయావన్నా?" మతూష్‌కు ధైర్యం తిరిగొచ్చింది.

"కమెన్నాలో ఎవరిదో తలుపు పగలగొడుతున్నారని ఫోనొచ్చింది. దగ్గర్లో ఉన్నది నేనే. వచ్చాను. తలుపుకు కట్టేసి ఒక మేక ఉంది."

"మేకేమంది?"

"మీ అందరి పేర్లూ చెప్పింది."

ఈసారి నవ్వు కాస్త తక్కువగా వచ్చింది. మతూష్ గబగబా సీసా మూత తీసి గ్లాసు నింపాడు. "సరే, ఒప్పుకున్నావు. ఇది తాగితే మాను నీది. తాగకపోతే విడుదల లేదు."

దుషాన్ గ్లాసు వైపు చూశాడు, తన యూనిఫారం వైపు చూశాడు. "డ్యూటీలో ఉన్నాను. తాగకూడదు."

"పద్ధతి పద్ధతే."

"ఉద్యోగం ఉద్యోగమే."

"ఇలా తెండి," అంది జోఫియా. "అతని బదులు నేను తాగుతాను."

మతూష్ గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. "బదులు తాగాలంటే ఇంటి మనిషై ఉండాలి. భార్యో, అన్నో, తమ్ముడో. నువ్వు అతనికేమవుతావు?"

గుళ్ళో గంట మొదలైంది. కొట్టు ముందు ఎవరూ కదల్లేదు.

"ఇంటి మనిషినే. చెయ్యి తియ్యి," అంది జోఫియా. గ్లాసెత్తి ఒక్క గుక్కలో దించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంత సారా వల్ల.

ఎత్తుకొచ్చినవాళ్ళే మోసుకెళ్ళి పాతాలన్నది కూడా తాతల నాటి పద్ధతేనని దుషాన్ గుర్తు చేశాడు. గుర్తు చేసిన తీరుకు ఎవరూ ఎదురు చెప్పలేదు. కమెన్నా కుర్రాళ్ళు మానును భుజాలకెత్తుకుని ముందు నడుస్తుంటే, వెనక పోలీసు బండి మనిషి నడకంత నెమ్మదిగా కదిలింది. అందులో దుషాన్, పక్కన జోఫియా.

"మీరు క్లాసులో అన్న మాటలు నిజమేనండీ," అన్నాడు చివరికి.

"ఎవరో తెలియక అన్నాను. నువ్వని తెలిసి ఉంటే ఇంకా ఎక్కువ అనేదాన్ని." అతన్ని మొదటిసారి నువ్వు అంది. ఇద్దరికీ వినబడింది. "నువ్వు రావేమోనని ఇవాళ పొద్దుట్నుంచీ చచ్చిపోయాను. ఎందుకు రాలేదు ఇన్నాళ్ళూ?"

"అందరూ నవ్వినా ఫర్వాలేదు. నువ్వు నవ్వుతావని."

"నవ్వుతాను. రోజూ నవ్వుతాను. నీకు ఇష్టమైతేనే ఉండు."

"ఇష్టమే," అన్నాడు దుషాన్ వెంటనే.

బ్రేజోవ్కాలో పావ్లీనా గేటు దగ్గర నిలబడి, కూతురు పోలీసు బండిలోంచి దిగడం చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఏం చేశావే?"

"తాగానమ్మా."

పావ్లీనా మాను వైపు చూసింది, పొడుగాటి పోలీసు వైపు చూసింది. "బాతు ఉంది. లోపలికి రా బాబూ," అంది అతనితో.

కుర్రాళ్ళు గోతిలో మట్టి తొక్కి వెళ్ళిపోయారు. రిబ్బన్లు మళ్ళీ ఎగిరాయి. భోజనం చేసి గుమ్మంలోకి వచ్చిన దుషాన్ మాను చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో ఊపి చూశాడు.

"సాయంత్రం డ్యూటీ దిగాక వచ్చి కాపలా కూర్చుంటాను. మళ్ళీ ఫోనొస్తే మాత్రం..." అని ఆగిపోయాడు.

జోఫియా లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి మాను కింద వేసింది. కాస్త ఆలోచించి రెండోది కూడా తెచ్చింది.

"ఫోనొస్తే వెళ్ళు," అంది. "నేనుంటాను."