కంటికే నలుపు

రోబో నల్లగీత మీద జానెడు కూడా నడవలేదు. పక్కకు తిరిగి, బల్ల అంచు దాటి దబ్బుమని పడింది.

"నీ బండికి కండ్లు లేవబ్బా," అంది భాగ్య. నవ్వబోయి, కిందపడినదాన్ని తీసి బల్ల మీద పెట్టింది.

తెల్ల అట్ట మీద సన్నగా మడిచి పరిచిన ఆ గీత, ధర్మవరంలో వాళ్ల నాయన మగ్గం మీద వదిలిపోయిన నల్లపట్టు ముక్క. ఆయన పోయి నెల తిరగలేదు. అమ్మకు తోడుగా మగ్గం మీద కూర్చోవాలని, హిందూపురంలో చదువు మానేసి ఈ సాయంత్రమే వెళ్లిపోతోంది. వెళ్లేలోపు, కేశవతో కలిసి చేసిన రోబో నాయన నేత మీద ఒక్కసారి నడిస్తే చూడాలనుకుంది. 'పోవద్దు' అని కేశవ అంటాడేమోనని కూడా ఎదురుచూసింది. ఏడాదిగా క్లాసులో పక్కనే కూర్చుని అన్నీ మాట్లాడినవాడు, మనసులో మాట మాత్రం ఎన్నడూ అనలేదు.

కేశవ రోబోను వెల్లకిలా తిప్పాడు. "ఈ సెన్సార్‌లో బల్బులాంటి ఈ తెల్లబుడ్డ కంటికి కనపడని వెలుతురు పంపుతాది. నల్లబుడ్డ తిరిగొచ్చింది పట్టుకుంటాది. తెలుపైతే తిరిగిస్తాది, నలుపైతే మింగేస్తాది. మింగిన చోటే దారి అనుకుంటాది."

"మరి ఇది నలుపు కాదా? మా నాయన అద్దకంలో తప్పుండాదా?"

కేశవ పట్టుముక్కను సెన్సార్ దగ్గరికి తెచ్చాడు. వెలుతురు తిరిగొస్తే వెలిగే చిన్న ఎర్రబల్బు టక్కున వెలిగింది.

"మన కంటికే నలుపు. వచ్చిన వెలుతురంతా తిరిగిచ్చేస్తాండాది, సూడు. మనకు కనపడదంతే."

"నయమే. కొందరు నిజం నలుపే. ఎంత పంపినా ఏమీ తిరిగిరాదు."

కేశవ రోబో స్విచ్ ఆపేశాడు. భాగ్య పట్టును మడిచి సంచిలో పెట్టుకుని వానలోకి వెళ్లిపోయింది.

రైలు కదిలాక చూస్తే, ఎదురు సీట్లో తడిసి ముద్దైన కేశవ!

"మీ ఊరు పరిగికి రైలు యాడుండాదప్పా?"

"పెనుకొండ దాకా వస్తా."

"ఆడేం పని?"

"ఏం లేదు."

పెనుకొండ వచ్చింది. కొండ వానలో మసకబారిపోయింది. కేశవ లేవలేదు.

"దిగవా?"

"ధర్మవరానికి తీసినా టికెట్. మీ అమ్మను చూడల్ల." అతను తడిసిన టికెట్ తీసి చూపించాడు. "ఒంటరిగా ఉండే అమ్మ దగ్గరికి పోవద్దని ఎట్లంటా భాగ్యా? నేను రావడం మాత్రం మానను."

"ఈ మాట ఇన్నాళ్లూ ఏమాయె?"

"చెప్తానే ఉండా. నీకు కనపడలే."

నాయన పోయినప్పుడు గడ్డకట్టిన ఏడుపు ఒక్కసారిగా పొంగింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, సంచి ఒళ్లోకి తీసుకుని పక్కకు జరిగింది.

"ఈడికి రా. ఆడ వాన కొడతాండాది."