గడియ వేసిన తలుపు

"ఇదే నీ ఆఖరి మిషన్," అంది చీఫ్.

"పోయినసారీ అదే అన్నారు," అన్నాడు హాల్వర్.

ఓస్లో ఆఫీసులో కాఫీ ఎప్పట్లాగే చల్లారిపోయింది. నార్వే గూఢచారి శాఖలో అరిగి అరిగి మిగిలిన మనిషి హాల్వర్. కుర్చీలోంచి లేవాలంటే ముందు నడుమునడగాలి.

"ఇడున్ పేరు అమ్ముడుపోయింది," అంది చీఫ్.

హాల్వర్ చేతిలో కప్పు ఆగిపోయింది. శత్రువుల రేవులో గుమాస్తాగా ఉంటూ మనకి కబుర్లు చేరవేసే పిల్ల ఇడున్. ఆమెని ఈ రొంపిలోకి దింపింది తనే.

"అమ్మింది మనవాళ్ళే. ఎవరో తెలీదు. పేరు ఇంకా శత్రువులకి చేరలేదు, చేరే దారులన్నీ మూసేశాం. ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ ఒక్కటే మిగిలింది. అక్కడి గాలి పరిశోధన స్టేషన్ ముందు సముద్రంలో వాళ్ళ ఓడ ఒకటుంది, చేపా పట్టదు, కదలా కదలదు. పరికరాలు చెడతాయని ఆ లోయలో సెల్‌ఫోను, రేడియో నిషేధం. ఉన్న ఒక్క కేబుల్ ఫోను మనం వింటూనే ఉన్నాం. చిన్న సిగ్నల్ పుట్టినా అందరికీ తెలిసిపోతుంది. మరి పేరు ఎలా పంపుతారో నువ్వే కనుక్కోవాలి. అది ఓడకి చేరిందంటే ఇడున్ బతకదు. నువ్వు టెక్నీషియన్ వేషంలో వెళ్తున్నావు. అక్కడ మన ఏజెంట్ వీబెకె ఉంది."

చీఫ్ ఓ పెన్ను ఇచ్చింది. నొక్కితే చుట్టుపక్కల సిగ్నల్స్ అన్నీ చచ్చిపోతాయట.

స్టేషన్లో మొదటి పొద్దునే వంటావిడ గున్‌వోర్ విరుచుకుపడింది. "ఏం నాయనా, రాత్రి నీ ఇంటికి గడియ వేశావట?"

"అలవాటక్కా."

"ఏం అలవాటో ఏమో! తెల్ల ఎలుగు వెంటపడితే, కాస్త ఆగమ్మా, ఈయన లేచి గడియ తీస్తాడు అని దానికి చెప్పాలా? ఇక్కడ ఏ తలుపుకీ గడియ పడదు. ఎవరికి ఏది దగ్గరైతే అందులో దూరాలి. తెలిసిందా?"

"తెలిసిందక్కా," అన్నాడు హాల్వర్.

వీబెకె బల్లకి అవతల కూర్చుంది. మూడు శీతాకాలాలు ఇక్కడే గడిపిన మనిషి, అయినా ఏ సినిమాకో ముస్తాబైనట్టుంటుంది. "శనివారం వాఫిల్ అట్లు మాడాయట?" అంది.

"ఒక పక్కే," అన్నాడు హాల్వర్. సంకేతం కుదిరింది.

తర్వాత వారమంతా ఒకటే చాకిరీ. పొద్దున్నే నిచ్చెనెక్కి గాలి పీల్చే గొట్టాల మీద మంచు గీకడం. గుట్ట మీద మసి కొలిచే మీటర్‌కి ఫిల్టర్ మార్చడం. శాస్త్రవేత్త ఊడ్-ఆర్నే మధ్యాహ్నం వాతావరణ బెలూన్ వదులుతుంటే తాడు పట్టుకోవడం. వేళ్ళు కొయ్యబారేవి. గూఢచర్యానికి ఓపికెక్కడిది? బూట్లు విప్పేసరికే ప్రాణం కడగట్టేది. కళ్ళు మూస్తే ఇడున్ కనిపించేది.

ఓ రోజు భోజనానికి ముందు వీబెకె చెవిలో ఊదింది. "దొరికాడు. ఊడ్-ఆర్నే! దొంగచాటుగా ఏదో పంపడానికి పొద్దుటి నుంచీ గుట్ట వెనక జనరేటర్ నడుపుతున్నాడు. దాని పొగకి మసి మీటర్ గంతులేస్తోంది. నువ్వు పైకి పరిగెత్తు. బెలూన్ సంగతి నేను చూస్తాను."

హాల్వర్ కాళ్ళీడ్చుకుంటూ గుట్ట మీదికి తీసుకెళ్ళే రోప్‌వే దాకా వెళ్ళాడు. చెయ్యి మీట మీద వేశాక ఆగాడు. ఇందాకే పైనుంచి తను తీసుకొచ్చిన ఫిల్టర్ జేబులోనే ఉంది. తీసి చూశాడు. పాలలా తెల్లగా ఉంది. జనరేటర్ నడిస్తే మసి ఏదీ?

ఎందుకు అబద్ధమాడింది? బెలూన్!

దాని కింద వేలాడే పెట్టెలోనిదే ఈ లోయలో అనుమతి ఉన్న ఒకే ఒక్క ట్రాన్స్‌మిటర్. అది రోజూ కూస్తుంది, ఎవరూ అనుమానించరు. ఆ కూతలో పేరు కలిపితే, పైకెగిరాక ఓడ వింటే చాలు.

నడుం నొప్పి మర్చిపోయి పరిగెత్తాడు. బెలూన్ షెడ్ తలుపు లాగాడు. రాలేదు. లోపల గడియ!

ఇక్కడ ఎన్నాళ్ళున్నా గూఢచారి చెయ్యి పాత పనే చేసింది, తన చెయ్యిలాగే.

పైకప్పు తెరుచుకుంది. తెల్లటి బెలూన్ బయటికొచ్చింది. హాల్వర్ పెన్ను నొక్కాడు. చలికి బ్యాటరీ చచ్చింది. నొక్కాడు, తిట్టాడు, విసిరికొట్టాడు. నడుముకి ఎలుగుల్ని బెదిరించే తారాజువ్వ పిస్తోలుంది. ఒకటే తూటా. బెలూన్ కప్పు దాటింది. గురి చూసేంత వ్యవధి లేదు. పేల్చాడు.

బెలూన్ ఫట్‌మంది. పెట్టె మంచులో పడింది. మడమతో తొక్కి పిప్పి చేశాడు.

గడియ తీసి వీబెకె బయటికొచ్చింది. చేతిలో పిస్తోలు. "నీకు వయసైపోయింది హాల్వర్, ఇంట్లో కూర్చోక ఎందుకొచ్చిన తిప్పలు?"

"నేనూ అదే అంటున్నా, చీఫ్ వినదే!"

తారాజువ్వ ఎగిరిందంటే ఎలుగు వచ్చిందనే అర్థం. స్టేషన్ ఇళ్ళ తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. అందరి చేతుల్లో తుపాకులే. వీబెకె చుట్టూ చూసింది. పిస్తోలు మంచులో పడేసింది.

"ఎలుగేదీ?" అంది గున్‌వోర్, వంట ఏప్రన్‌తోనే.

"ఈవిడేనక్కా."

సాయంత్రం స్టేషన్ కేబుల్ ఫోన్‌లో కబురొచ్చింది. ఇడున్ సరిహద్దు దాటి మనవైపు వచ్చేసింది. హాల్వర్ మెట్టు మీద కూలబడి కాసేపు ఏడ్చాడు. గున్‌వోర్ వేడి కాఫీ చేతిలో పెట్టింది. లోపల ఊడ్-ఆర్నే మాత్రం తారాజువ్వ పొగతో ఇవాళ్టి గాలి లెక్కలన్నీ నాశనమయ్యాయని గోల పెడుతూనే ఉన్నాడు.

"నువ్వు ఫిల్టర్లు మార్చడానికొచ్చిన వాడివి కావని మొదటి రోజే తెలుసులే," అంది గున్‌వోర్. "గడియ వేసే టెక్నీషియన్ ఎక్కడుంటాడు?"

ఆ రాత్రి హాల్వర్ మొదటిసారి గడియ వెయ్యకుండా పడుకున్నాడు. తెల్లారేదాకా కంటి మీద కునుకు లేదు.