కింద పెట్టిన నొప్పి

పాల ప్యాకెట్లు గాల్లో ఎగిరొచ్చి కిటికీ గట్టు మీద దిగే రోజులవి. గుండె పాడైతే కొత్తది పెంచి పెడుతున్నారు. చంద్రుడి మీద ఉల్లిపాయలు పండిస్తున్నారు. కీళ్లవాతానికి మాత్రం మందు దొరకలేదు. దొరకలేదనడం కూడా మర్యాద మాటే, ఎవరూ గట్టిగా వెతకలేదు. చంపే జబ్బయితే అందరూ పరిగెత్తుకొస్తారు. బతికున్నన్నాళ్లూ నొప్పెట్టే జబ్బు ఎవడిక్కావాలి?

వెతికిన మనిషి డాక్టర్ నీలోఫర్. ఆమెకీ మందు దొరకలేదు గానీ ఇంకోటి దొరికింది. నొప్పిని చంపలేం, పంచుకోగలం. ఆ యంత్రానికి తోడుపట్టీ అని పేరు పెట్టింది. రోగి మణికట్టుకి ఒక పట్టీ, ఇంట్లోవాళ్లకి ఒకటి. రోగి నరాల్లో పుట్టే సంకేతాన్ని మొదటిది చదువుతుంది, రెండోది దాన్ని అవతలి మనిషి నరాల్లో రాస్తుంది. అక్కడెంత రాస్తే ఇక్కడంత చెరిగిపోతుంది. ఇంట్లోవాళ్లు వంతులేసుకుని రెండో పట్టీ కట్టుకోవాలి.

ఒకటే షరతు. వంతు మారిన ప్రతిసారీ రోగి తన చేత్తో ఆ పట్టీని అవతలివాళ్ల చేతిలో పెట్టాలి. ఒక్క క్షణం ఇద్దరి చర్మమూ దానికి ఒకేసారి తగలాలి. నీలోఫర్ దాన్ని జతస్పర్శ అంది. ఆ షరతు లేకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు. పెద్దింటివాళ్లు ముట్టుకోకుండానే తమ నొప్పులు పనివాళ్లకి కట్టేసి సినిమాకి పోతారు.

ఇంత గొప్ప యంత్రమూ ఇళ్లలో నిలవలేదు. ఒక మొగుడు కట్టుకున్న కాసేపటికే విప్పి గోడకేసి కొట్టాడు. ఒక కూతురు హాస్టల్లో చేరిపోయింది. నిజం నొప్పి ఒంట్లోకి దిగేసరికి ప్రేమలు వీధిలోకి నడిచాయి. చివరికి ఒకే ఒక్క ఇల్లు మిగిలింది. కొండ దిగువన గుమ్మడివలసలో పైడితల్లి ఇల్లు. అక్కడ ఏడాదిగా పట్టీ చేతులు మారుతూనే ఉంది, పైడితల్లి నొప్పి సగానికి తగ్గింది. ఆమె నెలనెలా చెప్పిన నొప్పి లెక్కతో గ్రాఫులో దిగిన ఆ ఒక్క గీతని చూసే, డబ్బులిచ్చే కమిటీ ఏసీ గదిలో ఆగింది. అదీ పడిపోతే పథకం మూసేసి పట్టీలన్నీ వెనక్కి లాక్కుంటారు. ఆ ఇంట్లో ఏముందో చూద్దామని నీలోఫర్ స్వయంగా బయల్దేరింది.

వెళ్లేసరికి పైడితల్లి అత్త అప్పయ్యమ్మ మంచం మీద కుడి మోకాలు పట్టుకుని మూలుగుతోంది. మణికట్టుకి రెండో పట్టీ. పైడితల్లి పక్కనే కూర్చుని వాచిన వేళ్లతో నిదానంగా చిక్కుళ్లు ఒలుస్తోంది. మొగుడు గౌరీసు కాపడానికి నీళ్లు కాస్తున్నాడు.

"ఒలే పైడీ, ఇప్పుడెక్కడే?" అంది అత్త.

"ఎడం మోకాలత్తా."

అప్పయ్యమ్మ కుడి మోకాలు వదిలేసి ఎడమది పట్టుకుంది.

నొప్పి నిజంగా ఒంట్లోకి దిగితే ఎక్కడని అడగాల్సిన పనేముంది? నీలోఫర్ సంచిలోంచి నొప్పిని కొలిచే కొలపరి తీసి పట్టీకి ఆనించింది. కొలపరి ఆమె చెవిలో నెమ్మదిగా చెప్పింది.

"ఈ పట్టీకి జత కుదరలేదు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

పట్టీ ఎలా మార్చుకుంటారో చూపించమంది. అత్త విప్పి మంచం మీద పెట్టిన పట్టీని పైడితల్లి తీసుకుని నేల మీద పెట్టింది. అత్త వంగి ఏరుకుంది. చేతికే ఇవ్వొచ్చు కదా అనడిగితే అప్పయ్యమ్మ ఆమెని వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

"ఉప్పే సేతికియ్యం డాక్టరమ్మా, తగువొత్తాదని. నొప్పి సేతికిత్తామేటి? అత్తాకోడళ్లం మిగుల్తామా?"

ఏడాదంతా అలాగే గడిచిందట. ఏ నొప్పి పడాలో తెలియాలి కాబట్టి పూటపూటకీ కోడల్ని అడిగేవారు. ఈ కీళ్లతో బిందె ఎత్తలేమని తేలింది కాబట్టి బిందె ఆమెని ఎత్తనిచ్చేవారు కాదు. గౌరీసు తన వంతు రోజు పనికి పోకుండా కాపడం పెట్టుకునేవాడు, పెట్టుకుంటూ పెళ్లానికీ పెట్టేవాడు. తగ్గిన సగం అలా తగ్గింది.

నోరు మూసుకుని వెళ్లిపోతే గీత నిలుస్తుంది, పథకం బతుకుతుంది. మిగిలిన సగం మాత్రం పైడితల్లి ఒంట్లోనే ఉండిపోతుంది. నీలోఫర్ ఆ వాచిన వేళ్ల వంక చూసింది. పట్టీ ఒక్కరోజూ పనిచెయ్యలేదని, చేతికిస్తేనే పనిచేస్తుందని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

వీధి వీధంతా వినేలా మూలిగిన అప్పయ్యమ్మ తల వంచుకుంది. ఇక వీళ్లు తనని వదిలేస్తారని పైడితల్లికి అర్థమైపోయింది. వేళ్లు కొంగు కింద దాచుకుంది.

అప్పయ్యమ్మ అరచెయ్యి చాపింది.

"నా సేతిలో ఎట్టు."

"వద్దత్తా. తగువొత్తాది."

"వొత్తే పడదాం. ఎట్టవే."

పైడితల్లి అత్త ఒళ్లోంచి పట్టీ తీసి ఆమె చేతిలో పెట్టింది. ఇద్దరి వేళ్లూ ఒకేసారి దానికి తగిలాయి. అప్పయ్యమ్మ దాన్ని మణికట్టుకి కట్టుకుంది.

పైడితల్లి వేళ్లు ఒక్కొక్కటీ విచ్చుకున్నాయి. పదేళ్లుగా ఇంట్లో ఆగకుండా అరుస్తున్న మనిషెవరో టక్కున బయటికెళ్లిపోయినట్టు, ఆ నిశ్శబ్దాన్ని వింటూ నిలబడింది. గోడ పట్టుకోకుండా గుమ్మం దాకా నడిచింది. ఆకాశం వైపు రెండు చేతులూ ఎత్తి, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంది.

ఇక్కడ అప్పయ్యమ్మ పెదాలు తెల్లబడ్డాయి. కొలపరి ముల్లు చివరంటా పోయింది. విప్పేద్దామని నీలోఫర్ చెయ్యి వేస్తే ముసలావిడ తోసేసింది.

"ఇంతేనా?" అంది ఊపిరి బిగబట్టి. "ఇన్నాళ్లూ నాను మోసింది ఇంతకి రెండింతలుండేది."

కోడలి కోసం అబద్ధం చెబుతోందనుకుంది నీలోఫర్. అబద్ధమా అని కొలపరిని గుసగుసగా అడిగింది.

అప్పయ్యమ్మ నరాల్లో మిగిలిన ఏడాది జాడల్ని చదవడానికి అది కాస్త సమయం తీసుకుంది.

"నిజమే," అంది యంత్రం. "ఏడాదంతా ఈమె నరాలు పడ్డ నొప్పి దీనికి రెండింతలు. అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియడం లేదు."